కొండ లోపలి పురాతనులు



రాత్రి భోజనములైన పిదప పిల్లలు తాతగారి మంచము చుట్టును జేరి భయము పుట్టించు కథ చెప్పుమని యడుగుట మన యిండ్లలో క్రొత్త గాదు. మఱ్ఱిచెట్టుమీది బ్రహ్మరాక్షసుడు, శ్మశానమున మండు కొఱవిదయ్యము, నూతిలో బడి చనిపోయిన కోడలు, వీరందఱును మన మెఱిగినవారే. ఈ దయ్యముల కొక చరిత్ర గలదు, ఒక కోరిక గలదు. తీర్చిన తొలగిపోవును, తీర్చకున్న పీడించును. కాని యిప్పుడు పట్టణమున చదువుకొని సెలవులకు వచ్చిన మనుమడు తాను చదివితినని చెప్పు భయకథ వేఱొక తీరున నున్నది. అందు చచ్చి దయ్యమైనవా డెవడును లేడు. పగ లేదు, తీరని కోరిక లేదు. సముద్రపు టడుగుననో మంచుకొండల క్రిందనో, మనుష్యజాతి పుట్టుటకు కోట్ల యేండ్లకు ముందునుండియు నొక ప్రాణి నిద్రించుచుండును. ఎవడో శాస్త్రజ్ఞుడు యంత్రముతో ద్రవ్వి దానిని కదలించును. అది మేల్కొనును. దానికి మనమీద కోపము లేదు. మన మున్నామన్న యెఱుకయే లేదు. కథ యంతటితో ముగియును. తాత యిది విని, "ఇందులో భయమేమున్నదిరా?" యనును. మనుమడు, "అదే భయము, తాతా" యనును.

ఈ ప్రసంగమున నేను చెప్పదలచినది ఆ తాతకును మనుమనికిని నడుమనున్న చిక్కును గూర్చియే. అరకులోయను, తూర్పు కనుమల మన్యమును దృష్టియం దుంచుకొని చెప్పెదను. ఏలయనగా ఈ కథలలో వర్ణింపబడు పురాతనత్వము దూరదేశమున గాదు, విశాఖపట్టణమునకు సుమారు 115 కిలోమీటరుల దూరమున రాతిరూపమున నిలిచియే యున్నది. దానితో తరతరములుగా కాపురము చేయుచున్నవారును అక్కడనే యున్నారు.

మొదట ఈ కథల పుట్టుక. ఇట్టి వానికి పెద్దదిక్కయినవాడు హెచ్. పి. లవ్‌క్రాఫ్ట్ అను నమెరికా రచయిత. రోడ్ ఐలెండు రాష్ట్రమందలి ప్రావిడెన్సు పట్టణమున 1890లో జన్మించి, 1937లో నలువదియాఱేండ్ల ప్రాయమున పేదఱికముననే కన్నుమూసెను. బ్రతికియున్నంత కాలము అతని కథలు చాలవఱకు చౌక కాగితముపై నచ్చువేయు మాసపత్రికలలో వెలువడినవి. 'వియర్డ్ టేల్స్' అను పత్రికలో 1928 ఫిబ్రవరియందు ప్రకటితమైన 'ది కాల్ ఆఫ్ క్థుల్హూ' యను కథలో, పసిఫిక్ మహాసముద్రపు టడుగున మునిగిన నగరమున నొక మహాసత్త్వము నిద్రించుచుండును. నగరము పైకి లేచిన దినములలో వేర్వేఱు దేశములలోని శిల్పులు, చిత్రకారులు నొకే విధమైన కల గందురు. ఆ సత్త్వము పేరు నోరు తిరుగనిది. మనుష్యుని నోటికి తిరుగరాదనియే రచయిత యట్టి పేరు పెట్టెను. 1931లో వ్రాసి 1936లో ప్రకటించిన మఱియొక పెద్దకథయందు, కొందఱు శాస్త్రజ్ఞులు విమానములతోను, ద్రవ్వు యంత్రములతోను దక్షిణధ్రువ ఖండమైన అంటార్కిటికాకు బోవుదురు. అక్కడ గుహలో గడ్డకట్టియున్న విచిత్రశరీరములు దొరకును. మంచు కరగగా నవి లేచును. కొండల కావల కోట్ల యేండ్ల నాటి పాడుపడిన నగరము కనబడును. దాని గోడలమీది చెక్కడములను చదివినకొలదియు తెలియవచ్చిన దేమనగా, ఈ భూమిమీది ప్రాణికోటిని పుట్టించినవారు ఆ పురాతనులే. మనుష్యుని మూలపురుషుడు వారు వేడుకకో, పొరపాటుననో చేసిన వస్తువు.

చూచితిరా! దేవుడు కోపించి శపించెనన్న మాటను మనము సహింపగలము. కోపించువాడు మనలను చూచుచున్నాడు గదా. మనము పొరపాటున పుట్టితిమన్నచో, మ్రొక్కుట కెవడును లేడు, బ్రతిమాలుట కెవడును లేడు. ఈ భయమే వీని ప్రాణము. అతనికి ముందే వేల్సుదేశీయుడైన ఆర్థర్ మాకెన్ 1890లలో, తన యూరి కొండలలో చరిత్రకు ముందటి పొట్టిజాతి యొకటి యింకను దాగియున్నదని కథలల్లెను. కాని అతని పురాతనులు కొండ చాటున నుండువారే. కాలపు లోతునే భయకారణముగా జేసినవాడు లవ్‌క్రాఫ్ట్.

అంటార్కిటికా మాట వచ్చినది గనుక మన కొండల మాట చెప్పవలెను. లవ్‌క్రాఫ్ట్ తన కథలో, ఖండము లొకప్పుడు కలసియుండి విడిపోయినవన్న వెగెనర్ సిద్ధాంతమును పేర్కొనెను. అప్పటికి దానిని పండితులలో ననేకులు త్రోసిపుచ్చుచుండిరి. ఖండములు కదలునన్న మాట నేడు స్థిరపడినది. అంతేగాదు, ఆ విడిపోయిన ముక్కలలో ఏది దేనికి ఆనుకొని యుండెనో కూడ తేలినది. మన తూర్పు కనుమలకు ఆనుకొని యుండినది తూర్పు అంటార్కిటికాయే. సుమారు నూఱుకోట్ల యేండ్ల క్రిందట, భూమిలో ఇరువది కిలోమీటరులకు మించిన లోతున, మిక్కుటమైన వేడిమిచేతను ఒత్తిడిచేతను ఉడికి మారిన రాళ్ళు ఇక్కడను గలవు, అక్కడను గలవు. ఒకే కొండపట్టెలోని రాళ్ళవి. పదుమూడు కోట్ల యేండ్ల క్రిందట ఆ రెండును విడిపోయినవి. ఒక సగము మంచు క్రింద బడినది. రెండవ సగముమీద నేడు కాఫీతోటలున్నవి, వలిసెపూలు పూయుచున్నవి. కథకుడు భయము పుట్టించుటకై భూగోళపు టంచునకు బోయి వెదకిన కొండలకు అరకుకొండలు తోబుట్టువులని అతడెఱుగడు.

ఆ మహాఖండమునకు పెట్టిన గోండ్వానా యను పేరు మన గోండుల పేరే. ఈ కనుమలలో మిక్కిలిగా గానవచ్చు రాతికి ఖోండలైటు అని 1902లో టి. ఎల్. వాకర్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు పేరు పెట్టెను. అది ఆ కొండలలో నివసించు ఖోండుల, అనగా కోందుల పేరు. పూరీ జగన్నాథస్వామి యాలయమునకును, కోణార్కపు సూర్యదేవాలయమునకును వాడిన రాయి యిదియే. శాస్త్రజ్ఞులు నూఱుకోట్ల యేండ్ల రాతికి పేరు కావలసివచ్చి కొండవాని పేరు తీసికొనిరి. ఆ గౌరవము రాతికి దక్కినంతగా మనుష్యునికి దక్కలేదని ముందు చూడగలరు.

బొఱ్ఱాగుహలు మీలో ననేకులు శివరాత్రికి చూచియుందురు. సుద్దజాతి రాతిని నీరు కరగించుటచే నేర్పడిన గుహలివి. మేత మేయుచున్న యావు పైనున్న బిలములోనుండి లోన బడెననియు, దానిని వెదకుచు దిగిన పసులకాపరికి లింగాకారమగు రాయి కనబడెననియు, ఆ యావు పొదుగునుండి పుట్టినందున అచ్చటి యేటికి గోస్తని యని పేరు వచ్చెననియు స్థలపురాణము. భూగర్భ పరిశోధనశాఖకు జెందిన విలియం కింగ్ అను దొర 1807లో ఈ గుహలను కనుగొనెనని యాత్రికుల పుస్తకములలో వ్రాయుచుందురు. ఆ శాఖ పుట్టినదే 1851లో. రెంటిలో నొకటి తప్పని యెవరును లెక్క చూచుకొనకుండుట వింత. పసులకాపరి ముందే దిగియుండగా 'కనుగొనుట' యన్న మాట యంతకన్న వింత.

గుహలో పైనుండి బొట్టుబొట్టుగా నీరు కారుచు సున్నము పేరుకొని స్తంభములగును. ఒక అంగుళము పెరుగుటకు సాధారణముగా నూఱేండ్లకు పైగా పట్టును. గుహలోపల, వెలుతురు సోకని చోట, ఊటల దగ్గఱ నారింజపండు రంగు గల సూక్ష్మజీవుల పొరలు దట్టముగా పేరుకొనియుండుట శాస్త్రజ్ఞులు చూచిరి. సూర్యుని మొగ మెఱుగక బ్రతుకు జీవులవి. వీని వంశము మన వంశముకంటె ఎన్నో రెట్లు ప్రాచీనము. వీనికి మన యెఱుక లేదు. లవ్‌క్రాఫ్టు కథ నిజమగుచో ఇంతకన్న భయంకరముగా నుండనక్కఱలేదు. అయినను యాత్రికులు కొబ్బరికాయ కొట్టి, కుంకుమ పెట్టి, వెదురుబొంగులో కాల్చిన కోడిమాంసము తిని, సాయంకాలపు రైలుకు తిరిగిపోవుదురు. రైలుమార్గమును గుహలమీదుగనే పోవుచున్నది. బైలదిల్లా యినుపరాతిని సముద్రమునకు చేర్చుటకై 1960వ దశకమున కొండలను తొలిచి వేసిన మార్గమది.

ఇంతటి పురాతనత్వమును దగ్గఱ నుంచుకొని మనవారు భయపడరేమి? మొద్దులగుటచేత గాదు. మన ఆలంకారికులు భయానకమును రసములలో నొకటిగా నెన్నిరి. భయము స్థాయిభావము. దేనిని జూచి భయము పుట్టునో అది యాలంబనము. పాడిల్లు, అడవి, రాక్షసుడు, ఇట్టివి. క్రొత్తకథలలో ఆలంబనము కాలమే. మనకు పెద్దసంఖ్యలు క్రొత్త గావు. సంకల్పము చెప్పుకొనునప్పుడు ఏ కల్పమున నున్నామో, ఏ మన్వంతరమున నున్నామో చెప్పియే, తరువాత మన గోత్రనామములు చెప్పుకొందుము. బ్రహ్మదేవుని యొక పగలు 432 కోట్ల యేండ్లు. అంత కాలమునకు చివర మన పేరొకటి యతికించుట, ఆలోచించి చూడగా, మిక్కిలి ధైర్యముగల పని.

అరణ్యపర్వమునందు ఇంద్రద్యుమ్నుని కథ గలదు. పురాతనులను గూర్చిన కథలలో దానికి సాటి యైనదానిని నేనెఱుగను. ఇంద్రద్యుమ్న మహారాజు స్వర్గమున నుండగా, భూమిమీద నాతని కీర్తి నశించినదని చెప్పి దేవతలు క్రిందికి త్రోసిరి. అతడు చిరంజీవియగు మార్కండేయునొద్దకు వచ్చి "నన్నెఱుగుదువా?" యని యడిగెను. మార్కండేయు డెఱుగడు. హిమవత్పర్వతమున తనకంటె ముసలిదైన గుడ్లగూబ గలదనెను. గుడ్లగూబయు నెఱుగదు. తనకంటె ముసలిదైన కొంగ యొక సరస్సున గలదనెను. కొంగయు నెఱుగదు. ఆ సరస్సులోనే తనకంటె ముసలిదైన అకూపారమను తాబేలు గలదనెను. పిలువగా తాబేలు గట్టునకు వచ్చి, కొంతసేపు చూచి, కన్నుల నీరు నింపుకొని, వణకుచు, "ఇతని నేనెఱుగకుండుదునా! వేయిమారులు యూపస్తంభములు నాటినవాడు. ఈ సరస్సే ఇతడు దానమిచ్చిన గోవుల గిట్టలచే ద్రొక్కబడి యేర్పడినది" యనెను. వెంటనే స్వర్గమునుండి రథము వచ్చెను.

రెండు కథలను ప్రక్కప్రక్కన నుంచి చూడుడు. రెంటను నీటి యడుగున అతిపురాతనమైన ప్రాణి యున్నది. రెంటను అది పైకి వచ్చును. అమెరికా కథలో దానికి మనుష్యుడు కనబడడు. మన కథలో లోకమంతయు మఱచిన మనుష్యుని అదొక్కటియే జ్ఞాపకముంచుకొనినది. ఏది నిజమని యడిగిన, రాళ్ళ సాక్ష్యము మొదటిదానివైపే యున్నదని ఒప్పుకొనవలయును. రాతికి జ్ఞాపకము లేదు. కాని రాతిచేత జ్ఞాపకముంచుకొనజేయు విద్య మనుష్యునికి గలదు. ఆ విద్యను మన్యమున కన్నులార జూడవచ్చును.

అరకులోయలోను, దాని కావల ఒడిశాలోని కొరాపుట్ ప్రాంతమునను నివసించు గదబలు, చనిపోయినవారికి కొన్నియేండ్లకొకమారు గోతర్ అను పెద్దకర్మ జరుపుదురు. చనిపోయినవారి పేరున ఎనుబోతులను తెచ్చి, ఆ జీవులు వానిలో ప్రవేశించినవని భావించి, బంధువువలె పేరుపెట్టి పిలిచి, మేత పెట్టి, యేడ్చి, పొరుగూరి సంబంధీకులకు అప్పగింతురు. పిమ్మట రాళ్ళు నాటుదురు. ఆ రాళ్ళమీదనే, చెట్టునీడను, గ్రామపెద్దలు కూర్చుండి తగవులు తీర్తురు. మన యూళ్ళ రచ్చబండ యెట్టిదో అదియు నట్టిదే. తాతముత్తాతలమీద కూర్చుండి మాటలాడుచున్నామన్న స్పృహ యున్నచోట అబద్ధ మాడుట కొంచెము కష్టమే గదా. అక్కడ పురాతనుడు కొండక్రింద నిద్రించు నపరిచితుడు గాడు. అతనికి పేరున్నది, వాటా యున్నది, ఎత్తిపొడుచు హక్కును గలదు. క్రొత్తపంట చేతికి వచ్చినపుడు ముందు భూమిదేవరకు పెట్టక నోట బెట్టుకొనకుండుటయు ఈ లెక్కలోనిదే.

ఇంతవరకు బాగుగనే యున్నది. ఇక చిక్కు మాట.

భయమునకు ఆలంబనము కొండయో కాలమో యైనంతసేపు కథ కథగా నుండును. కాని కొండను జూచి భయపడుట మనుష్యునికి తృప్తి నీయదు. కొండను కొట్టలేము గదా. అందుచేత భయము మెల్లగా జారి, ఎదుటనున్న మనుష్యునిమీద బడును. లవ్‌క్రాఫ్టును గూర్చి ఇది తప్పక చెప్పవలసియున్నది. సముద్రగర్భమున నిద్రించు నతని దేవతను గొలుచువా రెవరు? ఆ కథలో నల్లవారు, సంకరజాతి నావికులు, మంచుదేశపు ఎస్కిమోలు. అతనికి జాతిద్వేషము మెండు. అతని యుత్తరములు దానికి సాక్షులు. కాలమును జూచి జంకిన కలము, చివర కొక బీద నావికుని మొగమున ఆ భయమును పూసినది. ఆ భాగములు చదువునప్పుడు మనుమలకు పెద్దవారు ఈ మాట చెప్పవలెను. కథ బాగున్నదని తప్పును, తప్పున్నదని కథను విడువ నక్కఱలేదు.

ఇది అమెరికా కథలకే పరిమితమైన దోషము గాదు. మన కొండలకును జరిగినది. ఇప్పటి ఒడిశాలోని గుమ్సూరు సంస్థానాధిపతి పన్ను బకాయి పడి కొండలలోనికి పోగా, కుంఫిణీ సేనలు వెంబడించి 1835 మొదలు 1837 వఱకు యుద్ధము చేసినవి. ఆ సందర్భముననే, కోందులు తారిపెన్ను అను భూదేవతకు మెరియా యను నరబలి యిచ్చుచున్నారని రస్సెల్ దొర 1836లో ప్రభుత్వమునకు వ్రాసెను. బలి యిచ్చుట యుండినది. దానిని మాన్పుటయు మంచిదే. ఎవరును దానిని సమర్థింపజాలరు. అయితే పన్నుకొఱకు వచ్చినవారు కొండవారి యిండ్లు తగులబెట్టి, మనుష్యులను ఉరిదీసి, పిమ్మట తాము వచ్చినది దయచేత ననిరి. 1845లో ప్రత్యేకముగా మెరియా ఏజెన్సీ యేర్పడినది. కాంబెల్ దొర 1864లో అచ్చువేయించిన గ్రంథమునకు పెట్టిన పేరులోనే కోందులు అడవిజాతులు. ఇట్టివారు వ్రాసినదానిలో చాలభాగము ఒకరు చెప్పగా విన్నది. సీమలో కుర్చీలో గూర్చుండి చదువువారికి భూదేవతయు, ఆమెను గొలుచువాడును నొక్కటే భయంకరవస్తువైరి. కోందులు నరబలి మాని ఎనుబోతు నిచ్చుట మొదలుపెట్టి నూటయేబది యేండ్లు గడచినను, కొండవాని పేరు చెప్పగనే బలి మాట తలచువారు మైదానములలో నేటికిని గలరు.

దీనికి మఱియొక వైపును గలదు. రైలుబాటలు, వంతెనలు, ఆనకట్టలు కట్టు దినములలో, పునాదిలో పిల్లల తలలు వేయనిదే కట్టడము నిలువదట, దొరలు పిల్లల నెత్తుకొని పోవుచున్నారట యను వదంతి మన దేశమున పలుచోట్ల పుట్టినది. కలకత్తాలో హుగ్లీపై వంతెన కట్టునప్పుడును పుట్టినది. మీలో పెద్దవారు ఏదో యొక వంతెనను గూర్చి చిన్ననాడు ఈ మాట వినియే యుందురు. అనగా దొర కొండవానిని బలి యిచ్చువా డనెను. రైతు దొరను బలి యిచ్చువా డనెను. ఇద్దఱి మాటలోను పాత భూదేవత యొకతెయే. కొత్తయంత్రము వచ్చినపుడు పాతదేవత ఆకలిగొనునన్న భయము కథకు మంచి బీజము. వదంతికి మాత్రము ప్రమాదకరమైన బీజము. 2018లో పిల్లల నెత్తుకొనిపోవువారు తిరుగుచున్నారని ఫోనులలో ప్రాకిన అబద్ధమునకు మన తెలుగుదేశమునను, ఇతర రాష్ట్రములలోను దారినబోవు నిరపరాధులు దెబ్బలకు చచ్చిరి.

అన్నిటికంటె దగ్గఱి మాట చిల్లంగి. మన్యమున జ్వరము వచ్చి బిడ్డ పిచ్చిమాటలాడి, కాలుచేతులు కొట్టుకొని చనిపోవును. మెదడున కెక్కిన మలేరియా లక్షణము లివి. లేదా చచ్చిన పశువు మాంసము తిన్నవారికి ఒడలిపై నల్లని పుండ్లు లేచును. పశువులకు వచ్చు దొమ్మరోగ మిది. వైద్యులు ఆంత్రాక్సు అందురు. విశాఖ మన్యమున పలుమార్లు వచ్చినది. ఈ వ్యాధిబీజములు మట్టిలో దశాబ్దములు చావక నిద్రించుచుండి, పశువు మేసినపుడు మేల్కొనును. భూమిలో నిద్రించు కంటికి కనబడని శత్రువు నిజముగా నున్నాడన్న మాట. కథకుడు కల్పింపనక్కఱ లేదు. పశువులకు టీకా వేయించి, చచ్చినదానిని కోయక లోతుగా పూడ్చినచో వానిని నిలువరింపవచ్చును. కాని అంతవఱకు ఆలోచన పోదు. భూతవైద్యుడు లెక్క చూచి "ఫలానా వారు చిల్లంగి పెట్టిరి" యనును. ఆ ఫలానా వారు తఱచుగా దిక్కులేని విధవ, లేదా పొలముతగవున్న పాలివాడు. రాత్రి కొందఱు పోయి చంపుదురు. ఇట్టి హత్యల వార్తలు పత్రికలలో నేటికిని వచ్చుచున్నవి. పొరుగున ఒడిశాలో దీనికై 2013లో ప్రత్యేకశాసనము చేయవలసివచ్చినది. చట్టము హత్య జరిగిన పిదప వచ్చును. భూతవైద్యుడు పేరు చెప్పిన రాత్రికిని, కఱ్ఱలు పట్టుకొని బయలుదేరు రాత్రికిని నడుమ నుండు నాలుగుదినములు ఊరిపెద్దల చేతిలోనివి. జ్వరము వచ్చినవానిని రక్తపరీక్షకు పంపించుట, పేరు చెప్పబడినదానిని తమ యింట నుంచుకొనుట ఆ నాలుగుదినములలో చేయదగిన పనులు.

ఇక పురాతనుని పురాతనునిగనే యుంచిన యొక సంగతి చెప్పి ముగింతును. ఖోండలైటురాయి యుగములతరబడి వానకు నాని మార్పు చెందుటచే కొండల నెత్తిమీద బాక్సైటు ఏర్పడినది. అల్యూమినియము దానినుండియే తీయుదురు. అరకుప్రాంతపు గాలికొండ, రక్తకొండల మీదను అది గలదు. ఒడిశాలో రాయగడ, కలహండి జిల్లాల నడుమనున్న నియమగిరిమీదను గలదు. నియమగిరిపై డోంగ్రియా కోందులు కాపురముందురు. కొండ నెత్తిన నియమరాజు గలడని వారి నమ్మకము. గని త్రవ్వుటకు కంపెనీ వచ్చినపుడు తగవు సర్వోన్నత న్యాయస్థానమునకు చేరినది. 2013 ఏప్రిల్ 18న న్యాయస్థానము, ఆ దేవతను గూర్చియు, అచ్చటి హక్కులను గూర్చియు గ్రామసభలే తేల్చవలెనని తీర్పుచెప్పినది. ఆ వేసవి గడచిన పిదప వానలలో పండ్రెండు గ్రామములలో సభలు జరిగినవి. జిల్లా న్యాయాధికారి యెదుట కొండవారు నిలిచి, తమ రాజు కొండలో నున్నాడని చెప్పిరి. పండ్రెండు గ్రామములును వలదనినవి.

వారు చెప్పినది భయకథ గాదు. కొండను త్రవ్విన లోనివాడు లేచి లోకము మ్రింగునని వారనలేదు. కొండయున్నచో ఏఱు పాఱును, ఏఱు పాఱినచో పంట పండును, ఇవి యిచ్చువాడు నియమరాజు, అతని యిల్లు పగులగొట్టరాదని చెప్పిరి. భూగర్భశాస్త్రమును ఇంచుమించు ఈ మాటయే చెప్పును. బాక్సైటు పొర వాననీటిని పీల్చుకొని వేసవిలో నూటలుగా విడుచునని శాస్త్రజ్ఞు లనుచున్నారు. లవ్‌క్రాఫ్టు పాత్రలు పురాతనుని కనుగొని పిచ్చివారైరి. ఈ కొండవారు పురాతనుని పేరు కాగితముపై వ్రాయించి, వ్రేలిముద్ర వేసి, పోడుపొలములోనికి మరల కలుపు తీయుటకు బోయిరి.